బోస్నియాది పాత పగ కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

బోస్నియా గురించి వార్త వస్తే చాలు, అందులో ‘శతాబ్దాల జాతి వైరం’ అన్న మాట కనిపిస్తోంది. ముప్ఫై ఏళ్లు బళ్లో భూగోళం చెప్పినవాణ్ణి. ఆ మాట చూసినప్పుడల్లా మనసు కష్టంగా ఉంటుంది. చదివినవాళ్లు ‘వాళ్లంతేలే, ఎప్పుడూ కొట్టుకుంటారు’ అనుకుని పేజీ తిప్పేస్తారు.

1991 జనాభా లెక్కలు చూడండి. అప్పటికి యుగోస్లావియాలో భాగమైన బోస్నియా-హెర్జెగోవినాలో ముస్లింలు (ఇప్పుడు బోస్నియాక్‌లు అంటారు) 43 శాతం పైన, సెర్బులు 31, క్రొయాట్లు 17. వీళ్లు కాక సుమారు 2.4 లక్షల మంది ‘మేం యుగోస్లావులం’ అని రాయించుకున్నారు. టిటో, నెహ్రూల అలీనోద్యమం పాఠం చెబుతూ పటం మీద నేను వేలు పెట్టి చూపించిన దేశం ఆ యుగోస్లావియానే. 1992–95 యుద్ధంలో లక్ష మంది దాకా చనిపోయారు, జనాభాలో సగం మంది ఇళ్లు వదిలి పోయారు. ఒకే మెట్ల మీద ఎక్కి దిగినవాళ్లను తరిమి తరిమి విడదీశారు. 1995లో కుదిరిన డేటన్ శాంతి ఒప్పందం తుపాకులను ఆపింది, అందుకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ సైన్యాలు ఆగిన గీతనే, కొద్ది మార్పులతో, పాలనా సరిహద్దుగా ఖాయం చేసింది. 51 శాతం నేల బోస్నియాక్-క్రొయాట్ ఫెడరేషన్‌కి, 49 శాతం సెర్బుల రిపబ్లికా సర్ప్‌స్కాకి.

2019లో జర్మనీలో ఉంటున్న మా అమ్మాయితో కలిసి బోస్నియాలోని మోస్తార్ ఊరికి వెళ్లాను. అందరూ పాత వంతెన ఫొటో తీసుకుంటుంటే నేను ఆగి ఉన్న కార్ల నంబర్ ప్లేట్లు చూస్తూ నిలబడ్డాను. యుద్ధం అయ్యాక ప్లేటు చూస్తే బండి ఎటు వైపుదో తెలిసిపోయేది, జనం గీత దాటాలంటే భయపడేవారు. అందుకని 1998లో కొత్త ప్లేట్లు తెచ్చారు. లాటిన్ లిపిలోనూ, సెర్బులు వాడే సిరిలిక్ లిపిలోనూ ఒకేలా ఉండే ఏడు అక్షరాలే వాటి మీద వాడారు: ఎ, ఇ, జె, కె, ఎం, ఓ, టి. ఏ ఊరి బండో తెలియదు. ఇంత చిన్న మార్పుతో మనుషులు మళ్లీ రోడ్డెక్కారు. భయం తీసేయాలన్న మనసు ఉంటే దారి దొరుకుతుందని నాకు అక్కడ అర్థమైంది.

ఆ మనసు బడుల విషయంలో ఎందుకు లేదు? యుద్ధంలో వదిలి పోయిన ఇళ్లు చట్టప్రకారం తిరిగి ఇచ్చారు, రెండు లక్షల పైనే. కానీ చాలామంది వాటిని అమ్ముకుని తమవాళ్లున్న చోటికే పోయారు. సొంత ఊరికి తిరిగొస్తే ఉద్యోగం ఏది? పిల్లవాడు ఏ బడికి పోవాలి? ‘ఒకే కప్పు కింద రెండు బడులు’ అని అక్కడ ఒక పద్ధతి ఉంది. భవనం ఒకటే, కానీ బోస్నియాక్ పిల్లలకూ క్రొయాట్ పిల్లలకూ సిలబస్ వేరు, టీచర్లు వేరు, కొన్నిచోట్ల గుమ్మాలు కూడా వేరు. ఆ రెండు భాషల వాళ్లకూ ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమవుతుంది! పిల్లలకు పాఠం చెప్పి బతికినవాడిగా దీన్ని నేను తట్టుకోలేను.

ఏ గుంపులోనూ చేరనివాళ్ల గతి ఇంకా అన్యాయం. ముగ్గురు సభ్యుల అధ్యక్ష పీఠం మూడు జాతులకే. రోమా అనే చిన్న జాతికి చెందిన దెర్వో సెయ్‌దిచ్, యూదుడైన యాకోబ్ ఫిన్సీ వేసిన కేసులో ఇది వివక్షేనని యూరప్ మానవ హక్కుల కోర్టు 2009లో తీర్పు చెప్పింది. రాజ్యాంగం మాత్రం మారలేదు. 2013 లెక్కల్లో ఆ మూడు జాతులూ కానివారు అందరూ కలిసి మూడు శాతం కూడా లేరు.

దయచేసి మీ అంతర్జాతీయ పేజీలో యైత్సె ఊరి హైస్కూలు పిల్లల గురించి రాయించండి. 1943లో కొత్త యుగోస్లావియాకు పునాది వేసిన ఊరు అది. అక్కడ కలిసి చదువుకుంటున్న పిల్లల్ని విడదీసి వేరే బడి పెట్టాలని అధికారులు చూస్తే, 2016, 2017లో ఆ పిల్లలే రోడ్డు మీదికి వచ్చి ‘మేం కలిసే కూర్చుంటాం’ అన్నారు. ఆ ప్రతిపాదన ఆగిపోయింది.

ఇట్లు
విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు,
తెనాలి