సబ్జా గింజలు చేరాయి

లీడ్స్, ఇంగ్లండ్
మార్చి 9, ఆదివారం

అక్కా,

నువ్వు పంపిన పార్సెల్ గురువారం చేరింది. సబ్జా గింజలు, బార్లీ, సుగంధిపాల వేళ్ళు అన్నీ డబ్బాల్లో పోసి పెట్టాను. నీ కొడుకు చంటికి వేడి చేసింది, నీరుచురుకు తగ్గడం లేదని నువ్వు ఎంత ఆదుర్దాగా సర్దావో ఆ పొట్లాలు చూస్తేనే తెలుస్తోంది. కానీ వాడిది వేడి కాదక్కా. ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను సగంలో ఆపేస్తాను. అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాక బావగారికి కూడా చూపించు. దాచకు.

వాడు కెటమైన్ అనే మత్తుమందుకి అలవాటు పడ్డాడు. ఏడాదిన్నర నుంచి తీసుకుంటున్నాడట.

ఇక్కడ ఆగి మంచినీళ్ళు తాగి రా. వాడు పక్క గదిలోనే పడుకుని ఉన్నాడు. పొద్దున ఉప్మా తిన్నాడు.

నిజానికి నేను క్రిస్మస్ సెలవుల్లోనే కనిపెట్టాల్సింది. యార్క్ చూపిద్దామని కారులో తీసుకెళ్తే గంట కూడా లేని దారిలో రెండుసార్లు ఆపించాడు. రాత్రిళ్ళు అరగంటకోసారి ఫ్లష్ చప్పుడు వినిపించేది. మా ఆయన "షుగరేమో, టెస్ట్ చేయించు" అన్నారు. కడుపు పట్టేసిందని గంటల తరబడి వేడినీళ్ళ టబ్బులో పడుకునేవాడు. బయటికొచ్చాక హాట్ వాటర్ బ్యాగ్ పొట్ట మీద పెట్టుకుని సోఫాలో ముడుచుకునేవాడు. ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉండేది. నేనేమో చలికి జలుబు చేసిందనుకున్నాను. చొక్కాలు వదులైపోయాయి. నీతో మాట్లాడుతూ మాట్లాడుతూ "మీటింగ్ ఉందమ్మా" అని పది నిమిషాలకే పెట్టేసేవాడు కదా, చదువుకునే పిల్లాడికి ఏం మీటింగులు! బాత్రూమ్‌కి పరిగెత్తేవాడు.

వాడు చదివే ఊళ్ళో డాక్టరు యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని మూడుసార్లు యాంటీబయాటిక్స్ రాశారు. టెస్టులో క్రిమి ఏదీ రాలేదు. డ్రగ్స్ తీసుకుంటావా అని వాళ్ళు అడగలేదు, వీడు చెప్పలేదు. ఫిబ్రవరిలో మళ్ళీ మా ఇంటికొచ్చినప్పుడు టాయిలెట్‌లో రక్తం చూశాను. ఉత్త రక్తం కాదు, జెల్లీ ముక్కల్లా ఉంది. కుర్రవాడు, ఇన్ఫెక్షన్ లేదు, పొట్టలో నొప్పి, రక్తం. అప్పుడు వెలిగింది నాకు. బయటికి రాగానే "కెటమైనా?" అని ఒక్క మాట అడిగాను. మెట్ల మీద కూలబడి "నీకెలా తెలుసు పిన్నీ" అన్నాడు.

ఎలా తెలుసంటే ఏం చెప్పను? గుంటూరులో ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసేటప్పుడు ఆ మందు ఎన్ని వందలసార్లు సిరంజిలోకి తీశానో. 1962లో అమెరికాలో తయారుచేశారు, 1970 నుంచి అక్కడ ఆసుపత్రుల్లో వాడకం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఇప్పటికీ ఉంది. ఆపరేషన్‌కి ఇచ్చే మిగతా మత్తుమందుల్లా ఊపిరిని అంతగా అణచదు కాబట్టి పెద్ద యంత్రాలు లేని చిన్న నర్సింగ్ హోముల్లో కూడా ఉపయోగపడుతుంది. చెయ్యి విరిగిన పిల్లలకి, కాలిన గాయాలకి కట్లు మార్చేటప్పుడు అది ఎంత మేలు చేస్తుందో కళ్ళారా చూశాను. బరువు చూసి, మిల్లీగ్రాములు లెక్కగట్టి, పక్కన డాక్టరుని పెట్టుకుని ఇస్తాం. ఇక్కడి పిల్లలు అదే మందుని పొడిగా కొని ముక్కుతో పీలుస్తున్నారు. "కెట్" అంటారు. రెండు పిజ్జాల డబ్బుకి దొరుకుతుంది. నా చేతుల మీదుగా నడిచిన మందు నా ఇంట్లోకే ఈ దారిన వస్తుందని ఊహించలేదక్కా. సిగ్గుగా ఉంది.

ఆ మందు ఒంట్లో కరిగి మూత్రంలోనే బయటికి పోతుంది. రోజూ తీసుకుంటే మూత్రసంచిలో లోపలి పొర ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. తర్వాత గోడ గట్టిపడి సంచి కుంచించుకుపోతుంది. మామూలుగా అర లీటరు దాకా పట్టేది, చంటికి ఇప్పుడు 120 మిల్లీలీటర్లకే ఆగడం లేదు. టీ కప్పెడు. నీ సబ్జా నీళ్ళు ఒక్క గ్లాసు తాగినా వాడికి నరకమే. 2007లో కెనడాలోనూ హాంకాంగ్‌లోనూ డాక్టర్లు ఈ జబ్బుని మొదటిసారి గుర్తించి రాశారు, అంటే మరీ పాత సంగతేం కాదు. ఈ దేశంలో 2014లో కెటమైన్‌ని మత్తుమందుల చట్టంలో ఇంకా కఠినమైన తరగతిలోకి మార్చడానికి ఒక కారణం ఈ మూత్రసంచి జబ్బే.

అసలు ఉచ్చు ఎక్కడుందంటే, కెటమైన్ నొప్పి తెలియనివ్వని మందు. మంట పెట్టేదీ అదే, మంట ఆపేదీ అదే. మానేసిన పూట నొప్పి తట్టుకోలేక మళ్ళీ తీసుకుంటాడు. పైగా మొదట్లో చిటికెడు చాలేది, ఇప్పుడు దానికి ఎన్నో రెట్లు కావాలి. మొదలుపెట్టినప్పుడు సరదాకే, కాదనను. ఇప్పుడు మాత్రం సరదా ఏమీ మిగల్లేదు.

ఇక ఏం చేస్తున్నామో చెబుతాను. మా ఇంటి దగ్గర జీపీ, అంటే ఏ జబ్బుకైనా మొదట చూపించుకునే డాక్టరు దగ్గర పేరు రాయించాను. వాడు లోపలికి వెళ్ళాడు, నేను బయట కూర్చున్నాను. వాడే నోరు తెరిచి చెప్పాలని. డాక్టరు తిట్టలేదు, పోలీసులకీ చెప్పలేదు. మందు తీసుకుంటున్నానని డాక్టరుతో చెబితే ఆ మాట వాళ్ళ మధ్యే ఉంటుంది. కిడ్నీల స్కాన్ అయింది, దేవుడి దయ వల్ల అవి బాగున్నాయి. ముదిరితే కిడ్నీలు వాస్తాయి, కొందరికి మూత్రసంచే తీసేయాల్సి వస్తుంది. తొందరగా మానేస్తే మాత్రం చాలావరకు తేరుకోవచ్చన్నారు. యూరాలజీ, అంటే మూత్ర సంబంధ జబ్బుల డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే నెల. మంగళవారాలు ఫార్వర్డ్ లీడ్స్ అనే మత్తు విడిపించే కేంద్రానికి వెళ్తున్నాడు. డాక్టరు చీటీ అక్కర్లేదు, మనమే ఫోన్ చేసి చేరొచ్చు. హెరాయిన్ వాళ్ళకి మెథడోన్ ఇచ్చినట్టు దీనికి బదులు మందేదీ లేదు. కూర్చోబెట్టి మాట్లాడతారు, ఎప్పుడు తీసుకోవాలని బుద్ధి పుడుతోంది, ఆ గంట ఎలా గడపాలి అని. డబ్బు గురించి బెంగపడకు. వీసాతో పాటు ఆరోగ్య రుసుం కట్టించుకున్నారు కదా, డాక్టరుకి విడిగా ఏమీ కట్టక్కర్లేదు. ఆ కేంద్రం కూడా ఉచితమే.

అబద్ధం ఎందుకు, పదకొండో రోజున మళ్ళీ తీసుకున్నాడు. నేను అరిచాను, అక్కా. చాలా మాటలన్నాను. మర్నాడు ఆ కేంద్రం ఆవిడే నాకు చెప్పింది, జారినా తిరిగి వచ్చి చెప్పాడంటే అది మంచికే అని. నాకు అప్పుడు మంచిగా అనిపించలేదు, ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ఆ రోజు నుంచి ఇవాళ్టికి పదహారు రోజులు.

టబ్బు స్నానానికి ఒక్కటే షరతు పెట్టాను, తలుపు గడియ వేయకూడదని. మాథ్యూ పెర్రీ అని అమెరికా నటుడు, 2023లో వేడినీళ్ళ తొట్టిలోనే పోయాడు. ముఖ్య కారణం కెటమైనే అని తేల్చారు. ఆ వార్త తలుచుకుంటే నేను ఇప్పటికీ బాత్రూమ్ బయటే బట్టలు మడతపెడుతూ కూర్చుంటాను.

నువ్వేం అంటావో నాకు తెలుసు. వెంటనే పంపించేయమంటావు. పెళ్ళి చేస్తే దారిలో పడతాడని అత్తయ్యగారు అంటారు. దయచేసి ఆ రెండో మాట ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వకు, ఇంకో ఇంటి పిల్లని ఇందులోకి లాగొద్దు. ఇంటికి రావడం సంగతి మాత్రం వాడితోనే తేల్చుకోవాలి. చదువు ఆపితే యూనివర్సిటీ వాళ్ళు వీసాలు చూసే హోమ్ ఆఫీసుకి చెప్పాలి, అప్పుడు వీసా మిగలదు. వాడు వస్తానంటే సరే. వస్తే మొట్టమొదట చూసే డాక్టరుకి "కెటమైన్" అనే మాట చెప్పండి. రాళ్ళు, వేడి, గ్యాస్ అని పరువు కోసం దాస్తే మళ్ళీ అవే యాంటీబయాటిక్స్. డీఅడిక్షన్ అని బోర్డు కనిపించిన ప్రతిచోటా చేర్చకండి, సైకియాట్రిస్టు ఉన్నారా అని అడగండి. విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాల విభాగం ఉంది. మీకే మనసు ఆగకపోతే 14416కి ఫోన్ చెయ్యి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను. తెలుగులోనే మాట్లాడతారు. మత్తు అలవాట్ల గురించి అయితే 14446.

ఎవరు చెడగొట్టారని వాడిని అడగొద్దు. నేను అడిగి చూశాను, నోరు కట్టేసుకున్నాడు. "ఈ రోజు నొప్పి ఎలా ఉందిరా" అని అడుగు, దానికి జవాబు చెబుతాడు.

ఈసారి చింతకాయ పచ్చడి, గోంగూర పంపకు. పులుపూ కారం పడితే మంట ఎక్కువవుతోంది. కందిపొడి కారం వేయకుండా కొట్టి పంపు, నెయ్యి ఇక్కడ దొరుకుతుంది.

శనివారం మీకు మధ్యాహ్నం మూడింటికి మేమిద్దరం ఫోన్ చేస్తాం. వాడే బావగారితో చెబుతానన్నాడు. మధ్యలో లేచి వెళ్తే కంగారుపడకండి, లైన్‌లోనే ఉండండి. రెండు నిమిషాల్లో వస్తాడు.

నీ చెల్లి