ఆ మూడు నిమిషాల్లో మా వైపు నడిచొచ్చిన వాళ్లకు

ఈ పోస్టు పది రోజుల కిందటే పెట్టాల్సింది. కాలికి కట్టు, మందులు, ఆఫీసుకు సెలవు, వీటితోనే సరిపోయింది. కొందరికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను కానీ ఫోన్లో చెప్తే అది మా ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. మీరు చేసినది నలుగురికీ తెలియాలి, అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

అక్కడ లేనివాళ్ల కోసం ముందు జరిగింది చెప్తాను. ఆడవాళ్ల వాలీబాల్ పోటీ. సరదాగా ఆడుకునే టీములన్నీ ఒక రోజు కలిసి ఆడదామని పెట్టుకున్నది. మా టీమ్‌లో కొందరు స్కూల్లో ఆడి వదిలేసినవాళ్లు, కొందరు ముప్పై దాటాకే మొదటిసారి బంతి పట్టుకున్నవాళ్లు. నేను పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ నెట్ ముందు నిలబడ్డాను. ఏడుగురం పేర్లిచ్చాం, ఆ రోజు పొద్దున్నే ఒకమ్మాయికి జ్వరం వచ్చింది. మిగిలింది సరిగ్గా ఆరుగురం. బెంచీ మీద ఆ అమ్మాయి పదకొండో నంబర్ జెర్సీ ఒక్కటే ఉంది, మడత కూడా విప్పలేదు.

మూడు సెట్ల మ్యాచ్. మొదటిది 22-25తో పోగొట్టుకున్నాం. రెండో సెట్లో 19-17తో మేమే ముందున్నాం. అవతలి నుంచి స్మాష్ వస్తోందని, బంతిని నెట్ దగ్గరే ఆపడానికి బ్లాక్‌కి ఎగిరాను, దిగేటప్పుడు నా కుడి పాదం నెట్ కింద అవతలి అమ్మాయి షూ మీద పడింది, చీలమండ దగ్గర లోపలికి తిరిగిపోయింది. ఎవరో విజిల్ వేశారు. లేద్దామని చూస్తే కాలు మాట వినలేదు.

ఇక్కడ ఒక రూల్ చెప్పాలి, లేకపోతే వాళ్లు చేసినది ఎంత పెద్దదో అర్థం కాదు. దెబ్బ తగిలిన ప్లేయర్ బదులు దిగడానికి ఎవరూ లేకపోతే, కోలుకోవడానికి మూడు నిమిషాలు ఇస్తారు, అదీ ఒక ప్లేయర్‌కి మ్యాచ్ మొత్తంలో ఒక్కసారే. అప్పటికీ లేవలేకపోతే కోర్టులో ఐదుగురే కాబట్టి జట్టు అసంపూర్ణం అని ప్రకటిస్తారు, గెలవడానికి ఇంకా ఎన్ని పాయింట్లు, ఎన్ని సెట్లు కావాలో అన్నీ అవతలి వాళ్ల ఖాతాలో వేసేస్తారు. 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ ఈ ఆటను తయారుచేసినప్పుడు ఒక్కో వైపు ఎంతమందైనా ఆడొచ్చు. ఇప్పుడు మాత్రం ఆరు అంటే ఆరే. అంటే అవతలి టీమ్ చేయాల్సిందల్లా మూడు నిమిషాలు ఊరికే నిలబడి నీళ్లు తాగడం. మ్యాచ్ వాళ్లదే. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు, నేనూ పట్టేదాన్ని కాదు.

నిమిషం కూడా కాకముందే వాళ్ల కెప్టెన్ అక్క నెట్ కింద నుంచి వంగి మా వైపు వచ్చింది. ముందు నా దగ్గర కూర్చుని "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగింది. తర్వాత లేచి రెఫరీ గారితో, "మా బెంచీ మీద ఇద్దరున్నారు సార్, ఒకమ్మాయిని వీళ్లకి ఇస్తాం, ఆడించండి" అంది. ఎవరినీ సంప్రదించినట్టు నాకు కనబడలేదు, అప్పటికే అందరూ ఒక మాట అనుకున్నట్టే ఉన్నారు. రెఫరీ గారు ఒక్క క్షణం ఆలోచించి, ఇది స్నేహపూర్వక పోటీ కాబట్టి ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదన్నారు, స్కోర్ షీట్లో ఆ విషయం రాయించి ఇద్దరితో సంతకాలు పెట్టించారు. సార్, ఆ సంతకాలు పెట్టించడం నాకు చాలా నచ్చింది. దాంతో అది ఎవరో జాలిపడి ఇచ్చినట్టు కాకుండా, రెండు టీములూ కలిసి తీసుకున్న నిర్ణయం అయింది.

ఆ అమ్మాయి చిన్నది, ఇరవై కూడా ఉండవేమో. తన జెర్సీ మీదే మా పదకొండో నంబర్ వేసుకుని వచ్చి నా చోట నిలబడింది. చెల్లీ, నీ గురించి రాయకపోతే ఈ పోస్టే దండగ. నువ్వు వచ్చి నామమాత్రంగా నిలబడతావని మా వాళ్లలో ఒకరిద్దరు అనుకున్నారు, ఆ మాట తర్వాత వాళ్లే నాతో చెప్పి బాధపడ్డారు. నీ మొదటి సర్వీస్ నాకిప్పటికీ కళ్ల ముందుంది. బంతిని రెండుసార్లు నేలకి కొట్టి, ఒకసారి మీ వాళ్ల వైపు చూసి, సరిగ్గా వాళ్ల వెనక వరసలో ఇద్దరి మధ్య ఎక్కడ ఖాళీ ఉంటుందో అక్కడ వేశావు. ఆ ఖాళీ నీకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇద్దరూ నువ్వంటే నువ్వనుకుని ఆగిపోయారు, బంతి మధ్యలో పడింది. మొదట చప్పట్లు కొట్టింది మీ కెప్టెన్ అక్కే. ఆ సెట్ మేం 25-23తో గెలిచాం. ఒక్కసారి కూడా బంతి వదిలేయలేదు నువ్వు, ఒక్కసారి కూడా చెయ్యి మెత్తగా వేయలేదు.

ఇదంతా జరుగుతుంటే నేను కోర్టు పక్కనే ఉన్నాను. దానికి కారణం వేరే టీమ్‌లో ఆడటానికి వచ్చిన ఫిజియోథెరపిస్ట్ గారు. తన మ్యాచ్‌కి వార్మప్ చేసుకుంటున్న ఆవిడ అది ఆపి పరుగెత్తుకొచ్చారు. షూ విప్పి, చీలమండకి రెండు వైపులా ఉన్న ఎముకల వెనక అంచుల్ని, కొసల్ని వేలితో నొక్కి చూశారు. కాసేపయ్యాక పట్టుకుని నాలుగు అడుగులు వేయించారు. ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తప్పనిసరి అని, బయటివైపు ఎముక కొస దగ్గర నొప్పి ఉంది కాబట్టి ఈరోజే తీయించుకోమని స్పష్టంగా చెప్పారు. భయపెట్టలేదు, ఏం కాదులే అని కొట్టిపారేయనూ లేదు. మ్యాచ్ అయ్యేదాకా ఉంటానని బతిమాలితే, కాలు కుర్చీ మీద ఎత్తిపెట్టి కదలకుండా ఉంటానంటేనే ఒప్పుకున్నారు. ఐసుని గుడ్డలో చుట్టి పెట్టి, పదిహేను నిమిషాలకు మించి ఉంచొద్దన్నారు.

ఆ పదిహేను నిమిషాలు లెక్కపెట్టింది ఎవరో తెలుసా? ఎవరితోనో వచ్చిన ఒక పాప, తొమ్మిది పదేళ్లుంటాయి. ఫోన్లో టైమర్ పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. మూడో సెట్ మంచి టెన్షన్‌లో ఉంది, నేను ఆటలో పడి మర్చిపోయాను, తను మర్చిపోలేదు. "టైమ్ అయింది, తీసెయ్యండి ఆంటీ" అని తనే ఐసు తీసి పక్కన పెట్టింది. పాపా, నీ పేరు అడగలేదు నేను. మీ అమ్మో పిన్నో ఇది చదివితే నీకు వినిపించాలి.

మూడో సెట్ 13-15తో ఓడిపోయాం. చివరి పాయింట్ దాకా కొట్లాడి ఓడాం. ఇంట్లో కూర్చుని ఎప్పటికీ బాధపడాల్సిన ఓటమి కాకుండా, అందరం కలిసి గుర్తు చేసుకునే ఓటమి అయిందంటే అది పూర్తిగా అవతలి టీమ్ పుణ్యమే.

ఇంకొకరితో ఒక మాట చెప్పాలి. నా పాదం ఎవరి పాదం మీద పడిందో ఆ అమ్మాయి ఆ రోజు నుంచి రోజూ మెసేజ్ పెడుతోంది, "సారీ అక్కా, నా కాలు అటు రాకుండా ఉండాల్సింది" అని. అందరి ముందూ చెప్తున్నాను, నీ తప్పు ఏమీ లేదు. పాదంలో కొంత భాగం నెట్ కింద ఉండే మధ్య గీత మీదో, గీతకి సరిగ్గా పైనో ఉంటే అవతలికి వెళ్లినంత మాత్రాన అది ఫౌల్ కాదు, నీ మడమ గీత మీదే ఉంది, లైన్ దగ్గరున్నవాళ్లు చూశారు. వాలీబాల్లో చీలమండ బెణికేది ఎక్కువగా ఇలాగే, నెట్ దగ్గర దిగేటప్పుడు పక్కవాళ్ల కాలి మీదో ఎదుటివాళ్ల కాలి మీదో పడి. ఆ రోజు నీ బదులు ఎవరున్నా అలాగే జరిగేది. పడిపోయినప్పుడు నా తల కింద చెయ్యి పెట్టింది నువ్వేనని తర్వాత తెలిసింది. నాకు అదే గుర్తుంటుంది. ఇక సారీ చెప్పకు, ఎలా ఉన్నావని అడుగు చాలు.

ఎలా ఉన్నానంటే, ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, బయటివైపు ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ సాగింది. వాపు చాలావరకు తగ్గింది. ఇప్పుడు ఫిజియో గారు చెప్పినట్టు రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడుతున్నాను. మొదటి రోజు ఐదు సెకన్లు, నిన్న ఇరవై రెండు. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణికే అవకాశం ఎక్కువట, అందుకే ఈ బ్యాలెన్స్ ఎక్సర్‌సైజ్ మానొద్దని, కోర్టులో దిగేటప్పుడు యాంకిల్ సపోర్ట్ వేసుకోమని గట్టిగా చెప్పారు. రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారు కూడా, ఒక్క రూపాయి తీసుకోకుండా. మేడమ్, మీ వార్మప్ నా వల్ల పోయింది, అయినా మీ మ్యాచ్ మీరు గెలిచారని తెలిసి ఎంత సంతోషించానో.

నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లు, నా బ్యాగు సర్ది ఇంటికి చేర్చినవాళ్లు, మా ఇంట్లోవాళ్లకి కంగారు పడకుండా చెప్పినవాళ్లు, మీ అందరికీ పేరుపేరునా థాంక్స్.

చివరగా చెల్లీ, మొన్న "ఆ పదకొండో నంబర్ జెర్సీ ఉతికి పెట్టాను, ఎవరికి పంపాలి?" అని అడిగావు. టీమ్ అంతా మాట్లాడుకున్నాం, జ్వరం వచ్చి రాలేకపోయిన అమ్మాయితో సహా. తను వేరే నంబర్ వేయించుకుంటుందట. అది నీ దగ్గరే ఉంచుకో.