2025-26 వార్షిక నివేదిక: ఉగాది నుంచి ఉగాది దాకా చెన్నైలో మన తెలుగు సంఘం ఏం చేసింది (సగం పైన గ్రీటింగ్ కార్డుల సంగతే)

సభ్యులందరికీ నమస్కారం. విశ్వావసు వెళ్ళిపోయి పరాభవ వచ్చేసింది, పేరు చూసి ఎవరూ కంగారు పడక్కర్లేదని పంచాంగ శ్రవణంలో పంతులుగారు రెండుసార్లు చెప్పారు కాబట్టి ధైర్యంగా ఏడాది నివేదిక మీ ముందు పెడుతున్నాం. లెక్కల కాగితం విడిగా జత చేశాం, కోశాధికారి గారు ఆడిటరు దగ్గర సంతకం పెట్టించుకునే వచ్చారు, డౌట్లుంటే ఆయన్నే అడగండి, నన్ను కాదు.

ముందు మామూలు సంగతులు గబగబా చెప్పేస్తా. ఉగాది పచ్చడి ఎప్పట్లాగే కోయంబేడు నుంచి మామిడికాయలు తెచ్చి హాల్లోనే కలిపాం, వేపపువ్వు ఎక్కువైందని కొందరు, తక్కువైందని కొందరు, అంటే సరిపోయిందన్నమాట. వినాయక చవితికి మట్టి బొమ్మే పెట్టాం. రక్తదాన శిబిరం జరిగింది. పిల్లల తెలుగు క్లాసు ఆదివారం పొద్దున నడుస్తోంది, అద్దె హాలు కాబట్టి పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం ఎవరో ఒకరి మేడ మీదకి మారుతోంది. వానల్లో హాలు వెనక గది కురిసింది, పాత పుస్తకాలు కొన్ని తడిశాయి, బీరువా పైకి ఎత్తించాం. ఇంతే.

ఇక కార్డుల సంగతి. ఇది కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఏడాది మొత్తమ్మీద సభ్యులు ఎక్కువగా మాట్లాడుకున్నది దీని గురించే, పైగా జనరల్ బాడీలో "ఇది ఎలా చేశారో రాసి పెట్టండి, రేపు కొత్త కమిటీ వస్తే మళ్ళీ పాత పద్ధతికి పోతుంది" అని ఒకావిడ గట్టిగా పట్టుబట్టారు.

పాత పద్ధతి ఏంటో కొత్తగా చేరినవాళ్ళకి తెలీదు. డిసెంబర్ వస్తే కమిటీ వాళ్ళకి నిద్ర ఉండేది కాదు. మన ప్యారీస్ కార్నర్‌లో ఆండర్సన్ స్ట్రీట్‌కి వెళ్ళి కార్డు డిజైన్ ఎంచుకోవడం, దాని వెనక కమిటీ పేర్లు ఏ వరసలో వేయాలని తగువు, ప్రింటరు (పేరెందుకు లెండి) ఒకసారి 'సంక్రాంతి'లో సున్నా ఎగరగొట్టి వేసి ఇవ్వడం, ఆ కట్ట మొత్తాన్ని నలుగురు కూర్చుని నల్ల పెన్నుతో సున్నాలు చుట్టడం, రిజిస్టరులో ఎప్పటివో అడ్రసులు చూసి కవర్లు రాయడం, ఇల్లు మారినవాళ్ళవి తిరిగొచ్చేయడం, కార్డు అందనివాళ్ళేమో "మాకు రాలేదు, మమ్మల్ని కావాలనే వదిలేశారు" అని అలగడం. ఇంత చేస్తే ఆ కార్డు ఎవరింట్లో అయినా పండగ దాకా టీవీ స్టాండ్ మీద నిలబడిందా అంటే అనుమానమే. ఎవరూ చదవని దానికోసం అందరూ అలిసిపోయేవాళ్ళు.

ఇళ్ళల్లో కూడా ఇదే కథ కదా. వాళ్ళు పంపారు కాబట్టి మనం పంపాలి, వియ్యాలవారికి ఖరీదైనది, ఆఫీసు వాళ్ళకి ఇంకోటి, ఫలానా పిన్నిగారికి పంపి ఫలానా అత్తయ్యకి పంపకపోతే పెళ్ళిలో మాట పడాలి. దానికంటే ఫోన్లో ఒక దీపం బొమ్మ అందరికీ ఒకేసారి ఫార్వర్డ్ చేస్తే హాయి అని అందరూ అటు పోయారు, ఇప్పుడు పండగ పొద్దున వచ్చే ఆ రెండొందల బొమ్మలు డిలీట్ చేయడమే ఇంకో పనైంది.

మొన్న ఆషాఢంలో మీటింగ్‌లో ఈ సంవత్సరం కార్డులు మానేద్దామా అన్నప్పుడు పోస్టాఫీసులో రిటైరైన మన పెద్దాయన ఒకరు లేచి ఒక కథ చెప్పారు, మీలో చాలామంది ఆ రోజు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. లండన్‌లో హెన్రీ కోల్ అని ఒకాయన ఉండేవాడు. 1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీకే ఉత్తరం వెళ్ళే పద్ధతి వచ్చింది, దాన్ని తేవడంలో ఈయన చెయ్యి కూడా ఉంది. చవకైపోయేసరికి అందరూ ఉత్తరాలు రాయడం మొదలెట్టారు, పండగ రోజుల్లో ఆయన బల్ల మీద జవాబు రాయాల్సిన ఉత్తరాల గుట్ట పడింది, రాయకపోతే మర్యాద కాదు, రాయడానికి టైము లేదు. 1843లో జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక బొమ్మ వేయించి, కింద క్రిస్మస్, న్యూ ఇయర్ శుభాకాంక్షలు అచ్చు కొట్టించి, పైన పేరు రాసుకోడానికి కాస్త ఖాళీ వదిలి, తనకి కావాల్సినవి వాడుకుని మిగిలినవి ఒక్కోటి షిల్లింగ్ చొప్పున అమ్మకానికి పెట్టించాడు. బొమ్మలో ఇంటిల్లిపాదీ గ్లాసులెత్తి తాగుతుంటారు, చిన్నపిల్లకి కూడా పట్టిస్తున్నట్టు ఉంటుంది, దానికి అప్పట్లో పెద్దమనుషులు తిట్టిపోశారట. పెద్దాయన పాయింటు ఏంటంటే, "బాబూ, కార్డు పుట్టిందే పని తగ్గించుకోడానికి, మీరు దాన్ని పట్టుకుని పని పెంచుకుంటున్నారు" అని. హాలంతా నవ్వారు, మానేద్దాం అన్నవాళ్ళు కూడా.

అప్పుడు తీసుకున్న నిర్ణయం ఒక్కటే, మిగతావన్నీ దాని వెనకాల వచ్చాయి. సంఘం తరఫున అందరికీ కార్డు పంపడం బంద్. దాని బదులు హాల్లో ఒక బల్ల వేస్తాం, కార్డులు, కవర్లు, స్టాంపులు, జిగురు, పెన్నులు సంఘం పెడుతుంది, ఎవరికి ఎవరు గుర్తొస్తే వాళ్ళకి వాళ్ళే రాసుకోవాలి. లిస్టు చూసి రాయడం లేదు. కిందటేడు వాళ్ళు పంపారా లేదా అనే లెక్క అసలు లేదు. గుర్తురాని వాళ్ళకి పంపకపోతే తప్పేం లేదు, వాళ్ళకీ మనం గుర్తుండి ఉండం.

రెండో సుఖం తేదీలో వచ్చింది. ముందు అందరూ జనవరి ఒకటికల్లా అందాలని పరిగెత్తేవాళ్ళు. ఈసారి ఏ పండగకైనా పంపొచ్చు అన్నాం. క్రిస్మస్ చేసుకునే మన కుటుంబాలు డిసెంబర్ మొదటి వారంలోనే రాసేసుకున్నారు, మిగతావాళ్ళు ధనుర్మాసం మొదలయ్యాక ఆదివారాలు తీరిగ్గా వచ్చి సంక్రాంతికి రాశారు, అప్పటికీ కుదరనివాళ్ళు ఉగాదికి రాశారు, ఒకాయనైతే శ్రీరామనవమికి పంపుతానని ఇంకా రెండు కార్డులు దగ్గర పెట్టుకున్నారు. ఆలస్యం అనే మాటే లేకుండా పోయింది.

కార్డులు మళ్ళీ ఆండర్సన్ స్ట్రీట్ నుంచే తెచ్చాం. ఆ వీధి తెలియనివాళ్ళకి, హైకోర్టు ఎదురు సందుల్లో పెళ్ళి కార్డుల కొట్లన్నీ ఉండేది అదే, కాగితం వాసన వీధి మొదట్లోనే కొడుతుంది. శివకాశిలో అచ్చయిన రంగురంగులవి కట్టలు కట్టలుగా ఉన్నాయి, మేం మాత్రం లోపల ఏమీ అచ్చు లేని మందపాటి తెల్ల కార్డులు, వాటికి సరిపడే కవర్లు తీసుకున్నాం, ముగ్గులు మన ఆడవాళ్ళే వేస్తామన్నారు కాబట్టి. చుక్కల ముగ్గు కాగితం మీద స్కెచ్ పెన్‌తో వేయడం నేల మీద వేసినంత ఈజీ కాదని మొదటి ఆదివారమే అర్థమైంది, వంకర పోయిన వాటిని పిల్లలు గంగిరెద్దులుగా మార్చేశారు.

బల్ల దగ్గర ఏం జరిగిందో ఒక్క దృశ్యం రాస్తా. నెల్లూరు వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న మామ్మగారు ఒకరు, ఇంట్లోంచి చిన్న డబ్బాలో పసుపు తెచ్చుకున్నారు. శుభలేఖకి రాసినట్టు ప్రతి కార్డుకీ నాలుగు మూలలా పసుపు రాస్తున్నారు, అది చూసి పిల్లలు "మాకూ రాయండి మామ్మా" అని లైను కట్టారు, కాసేపటికి బల్ల, కవర్లు, సమోసాలు అన్నీ పసుపే. ఆవిడ మాత్రం తొణక్కుండా వాళ్ళ చెల్లెలికి రాస్తున్నారు. "చి.ల.సౌ." దగ్గర మొదలుపెట్టి, ఉభయకుశలోపరి అయ్యాక, శుభాకాంక్షల జోలికే పోకుండా, "పెరట్లో ఆ నిమ్మచెట్టు కొట్టించేశావా ఉంచావా, ఉంచితే కాయలు పంపు" అని రాసి సంతకం పెట్టేశారు. పక్కన పాపం మన ఐటీ అబ్బాయి ఒకతను ఏం రాయాలో తెలీక అరగంట నుంచి పెన్ను కొరుకుతున్నాడు, అది చూసి ఠక్కున తన హాస్టల్ స్నేహితుడికి "నా బైక్ హెల్మెట్ ఇంకా నీ దగ్గరే ఉంది" అని రాశాడు. ఆ స్నేహితుడు కార్డు అందగానే ఫోన్ చేశాడట, ఎన్నేళ్ళకో.

అప్పటి నుంచి ఏం రాయాలి అని అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పాం, ఆ మనిషికీ మీకూ మాత్రమే తెలిసిన సంగతి ఒక్కటి రాయండి, సుఖసంతోషాలు ఆయురారోగ్యాలు అచ్చు వేసేవాళ్ళు చూసుకుంటారు. మూడు లైన్లు చాలు. నా ఉద్దేశంలో మొత్తం మార్పు ఇక్కడే వచ్చింది, బల్ల, సమోసా ఇవన్నీ తర్వాత.

కొన్ని పోస్టాఫీసు సంగతులు కూడా తెలిశాయి, వచ్చేసారికి పనికొస్తాయి. మామూలు ఉత్తరం 20 గ్రాముల దాకా 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకీ ఇంకో 5. మెరుపులు, అట్టముక్కలు, రిబ్బన్లు అతికించిన కార్డు ఇట్టే 20 దాటేస్తుంది, స్టాంపు తక్కువైతే తక్కువైనదానికి రెట్టింపు అందుకున్నవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు, అంటే శుభాకాంక్షలు చెప్పి డబ్బులు కట్టించుకున్నట్టు. నగల కొట్టులో పనిచేసే మన మెంబరు ఒకాయన చిన్న త్రాసు తెచ్చి ఒక్కో కార్డూ తూచి ఇచ్చారు, తరుగు తీయలేదని అందరూ ఏడిపించారు. ఏదీ కుదరనివాళ్ళకి 50 పైసల పోస్టు కార్డు ఇప్పటికీ ఉంది, మన దేశంలో 1879 నుంచీ నడుస్తున్నది అదే. మనవడి ఫోటోతో స్టాంపు వేయించాలని ఒకరు సరదాపడ్డారు, మై స్టాంప్ అని 12 స్టాంపుల షీటు 300 రూపాయలు, అన్నా రోడ్ హెడ్ పోస్టాఫీసులో ఫిలాటెలీ బ్యూరో (స్టాంపులు సేకరించేవాళ్ళ కౌంటరు) ఉంది, అయితే 5 రూపాయల స్టాంపుకి 25 పెట్టడం సంఘం ఖర్చులో కుదరదని కోశాధికారి గారు ఖరాఖండిగా చెప్పేశారు, సొంతంగా చేయించుకోవచ్చు.

అడ్రసులు మాత్రం తలనొప్పే. లొకేషన్ పంపమంటే అందరూ పంపుతారు, డోర్ నంబర్ చెప్పమంటే సొంతింటి వాళ్ళే తడబడతారు. మన చెన్నైలో పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉంటాయి కాబట్టి రెండూ రాయండి. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15 నుంచి ఉంది, ఆరు అంకెలు, మొదటి అంకె 5 అయితే ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటక, 6 అయితే తమిళనాడు, కేరళ. దీన్ని తెలుగు క్లాసులో ఆటలాగా పెట్టాం, 600 అంటే మనం, 500 హైదరాబాద్, 520 విజయవాడ, 524 నెల్లూరు, 530 వైజాగ్ అని పిల్లలు ఇప్పుడు మనకంటే ఫాస్టుగా చెప్తున్నారు. వాళ్ళు అమ్మమ్మల పేర్లు తెలుగులో రాయడం కోసమే వత్తులు నేర్చుకున్నారని టీచరు గారి రిపోర్టు, ఇన్నాళ్ళూ కాపీ పుస్తకంతో రానిది దీంతో వచ్చిందని ఆవిడ కాస్త ఉడుక్కున్నారు కూడా.

మధ్యలో ఒక పుకారు కూడా మనల్ని ఇబ్బంది పెట్టింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేస్తున్నామని తపాలాశాఖ ప్రకటిస్తే, వాట్సాప్‌లో అది తిరిగి తిరిగి ఎర్ర డబ్బాలే ఎత్తేస్తున్నారన్నట్టు అయిపోయింది. మామూలు ఉత్తరాలకీ దానికీ సంబంధం లేదు. ఎత్తేసింది డెన్మార్క్‌లో, అక్కడి పోస్టు వాళ్ళు 2025 ఆఖరుతో ఉత్తరాలు పంచడం ఆపేశారు. అలాగే అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఆగస్టులో అక్కడికి పోస్టు బుకింగ్ ఆపేశారని బాధపడ్డారు, అక్టోబర్ మధ్యలో మళ్ళీ మొదలైంది కాబట్టి సంక్రాంతి కార్డులకి అడ్డు రాలేదు.

సంక్రాంతి ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని బీచ్ స్టేషన్ దాకా రైల్లో పోయి రాజాజీ సాలైలో జనరల్ పోస్టాఫీసు చూపించాం. 1884లో కట్టిన ఎర్ర బిల్డింగు, రాబర్ట్ చిషోమ్ డిజైను. లోపల జిగురు డబ్బా చుట్టూ ఎండిపోయిన జిగురు చారలు చూసి "మన హాల్లో బల్ల లాగే ఉంది" అన్నారు. కార్డుల కట్ట అక్కడే వేశాం, దగ్గర్లో డబ్బా ఉండగా ఇంత దూరం ఎందుకని అడిగినవాళ్ళకి జవాబు, తిరిగొచ్చేటప్పుడు బర్మా బజార్ దగ్గర అత్తో (బర్మా నూడుల్స్) తిన్నారు, అందుకు.

అందరికీ నచ్చిందని చెప్పను. సంఘం కార్డు రాకపోవడం వెలితిగా ఉందని కొందరు పెద్దలు అన్నారు, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవాళ్ళు, వాళ్ళకి ఎవరూ రాయకపోతే ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి లిస్టు మళ్ళీ మొదలుపెట్టకుండా, తెలుగు క్లాసు పిల్లలు తలా ఒకరిని ఎంచుకుని రాస్తున్నారు, జవాబు వస్తే క్లాసులో చదువుతున్నారు. ఒక తాతగారు జవాబుతో పాటు పిల్లాడి అక్షర దోషాలు ఎర్ర ఇంకుతో దిద్ది పంపారు, పిల్లాడు మళ్ళీ రాశాడు, ఇప్పుడది నడుస్తూనే ఉంది. వేళ్ళు వణికి రాయలేనివాళ్ళు చెప్తుంటే పక్కవాళ్ళు రాసిపెట్టారు.

ఖర్చు సంగతి, అచ్చు ఖర్చు, తిరిగొచ్చిన కవర్ల దండగ పోయాయి కాబట్టి కిందటేడు కంటే తక్కువే అయింది, సమోసాలతో కలిపి కూడా. మిగిలిన కార్డులు, స్టాంపులు హాలు బీరువాలో పై అరలో ఉన్నాయి, తాళం లైబ్రరీ చూసే అక్క దగ్గర ఉంది. వచ్చే ధనుర్మాసంలో మొదటి ఆదివారం బల్ల వేస్తాం. త్రాసు ఆయన మళ్ళీ తెస్తానన్నారు. పసుపు తెచ్చేవాళ్ళు దయచేసి పాత న్యూస్ పేపరు కూడా తెచ్చుకోండి, హాలు వాళ్ళు బల్ల గుడ్డకి డబ్బులు పట్టుకున్నారు.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున, చెన్నై