ఐర్లండ్‌లోని గాల్వే నుంచి అమ్మకి

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ ఇద్దరం కులాసా. నాన్నకి షుగరు మాత్రలు మార్చారట, తమ్ముడు చెప్పాడు. పొద్దున టిఫిను మానేస్తున్నారా మళ్లీ? నా ఆఫీసు మామూలే. వాంతులు తగ్గాయి. నువ్వు పంపిన నిమ్మకాయ పచ్చడితో రెండు పూటలా అన్నం దిగుతోంది.

నిన్న నువ్వు ఏడుస్తుంటే ఏమనాలో తోచక ఫోను పెట్టేశాను. సవితా హలప్పనవర్ సంగతి నీ చెవిన ఎవరు వేశారో గానీ, అవును, ఇదే ఊరు. బెళగావి వాళ్లమ్మాయి, పళ్ల డాక్టరు, 31 ఏళ్లు. 17వ వారంలో గర్భం నిలవదని తేలిపోయాక తీసేయమని అడిగింది. బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోంది, కుదరదన్నారు. ఇది కాథలిక్ దేశమని ఆమెతో అన్న మాట కూడా నిజమే, విచారణలో ఒప్పుకున్నారు. ఇన్ఫెక్షన్ని వేళకి పట్టుకోలేదు. ఒళ్లంతా విషం పాకి 2012 అక్టోబరు 28న పోయింది. నాకూ ఇప్పుడు 17వ వారమే. నీకు నిద్ర పట్టడం లేదంటే నాకు అర్థం కాదా?

కానీ అప్పటి చట్టం ఇప్పుడు లేదమ్మా. తల్లి ప్రాణమూ కడుపులో ప్రాణమూ సమానమని 1983లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. గుండె ఆగేదాకా చూద్దామని డాక్టర్లు చేతులు కట్టుకున్నది అందుకే. 2018 మే 25న ఓటింగు పెడితే నూటికి 66 మంది ఆ రాతని తీసేయమన్నారు. అలా ఓటేయమని సవిత నాన్నగారు బెళగావి నుంచే అడిగారు. ఇప్పుడు 12 వారాల దాకా గర్భం తీయించుకోడానికి కారణం చెప్పనక్కర్లేదు. ఆ తర్వాతైనా తల్లికి పెద్ద ముప్పుంటే ఇద్దరు డాక్టర్లు సరేనంటే చేస్తారు. మా మిడ్‌వైఫ్‌ని నేనే సూటిగా అడిగాను, ఆగమని ఎవరూ అనరని చెప్పింది.

"అలాంటి చట్టానికి మురిసిపోతున్నావా, ప్రహ్లాదుడు కడుపులోనే నారాయణ మంత్రం వినలేదా" అన్నావు. ఆ మాట నన్ను గుచ్చింది. మొన్న స్కానింగులో చెయ్యి పైకెత్తి నోటి దగ్గర పెట్టుకుంది. ఎంత ఏడ్చానో ఆయన్నడుగు. నాకు అప్పుడే అది నా బిడ్డ. అయితే ప్రాణం ఎప్పుడొస్తుందన్నది పెద్దవాళ్లకే ఒక మాట మీద లేదు. భ్రూణహత్య మహాపాపమన్న మన శాస్త్రాల్లోనే, గర్భోపనిషత్తు ఏడో నెలలో జీవుడు చేరతాడంటుంది. మగపిల్లాడికి 40 రోజులకి, ఆడపిల్లకి 90 రోజులకి అని అరిస్టాటిల్ లెక్క. అక్కడా ఆడపిల్లకే ఆలస్యం! చర్చి కూడా చాలాకాలం రూపం వచ్చిన పిండం వేరు, రానిది వేరు అని శిక్షల్లో తేడా చూపించి, 1869లో ఆ తేడా తీసేసింది. ఇస్లాంలో చాలామంది 120 రోజులంటారు. సైన్సు ఆరో వారానికి గుండె కదలిక చూపిస్తుంది. ఆ కదలిక మనిషి అవునా కాదా అన్నది ఏ మెషీనూ చెప్పదు.

పక్కింటి పెద్దావిడ రోజూ చర్చికి వెళ్తుంది. ఆ పాత రాతని తీసేయొద్దనే ఓటేసిందట. అయినా సవిత పేరెత్తితే, ఆ పిల్లని కాపాడాల్సిందని కళ్లు తుడుచుకుంది. పాపాయికని పసుపు ఊలుతో మేజోళ్లు అల్లుతోంది. ఆవిడ భక్తిని నేను చిన్నచూపు చూడలేను, నీ భక్తినీ అంతే.

కానీ చిన్నత్తకి మూడోసారి ఏం జరిగిందో మన ఇంట్లో అందరికీ తెలుసు. లింగ నిర్ధారణ నేరమని మన దేశంలో 1994లోనే చట్టం చేశారు. ఆరోజు ప్రహ్లాదుడు ఎవరికీ గుర్తు రాలేదేం? అత్త వద్దంది, తీయించారు. సవిత తీయమంది, తీయలేదు. రెండు చోట్లా ఆడదాని మాటకి విలువ లేకపోయింది. నా బాధంతా అదే, కోప్పడకు. ఆడో మగో ఇక్కడ అడిగితే చెప్తారట. నేను అడగను.

కాన్పుకి పుట్టింటికి రమ్మంటున్నావు. అంత దూరం ప్రయాణం వద్దంటున్నారు ఈయన. నువ్వే రా. నీ పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో తమ్ముణ్ణి చూడమను, వీసాకి నెలలు పట్టొచ్చు. శొంఠి, వాము దంచి తీసుకురా. మిగతావి ఇక్కడ దొరుకుతాయి.

ఈ ఉత్తరం నాన్నకి చూపించు. చిన్నత్తకి మాత్రం చదివి వినిపించకు, ఆవిడకి నేను విడిగా రాస్తాను.

నీ
పెద్దపిల్ల