శీనూ, ఆ మూడు డబ్బాల సంగతి

విజయవాడ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. బ్రాడీపేటలో షాపువాడు కాన్సన్‌ట్రేట్, ఐసోలేట్, హైడ్రోలైజ్డ్ అని వే ప్రోటీన్ పొడి డబ్బాలు మూడు ముందు పెట్టి, "రేటు పెరిగేకొద్దీ కండ పెరుగుద్ది సార్" అన్నాడని రాశావు. వాడికో దండం. ఇది చదివేదాకా డబ్బులు మాత్రం తియ్యకు.

ముందు నీ కంచం లెక్క చూద్దాం. బరువులెత్తేవాడికి కిలో ఒంటి బరువుకి రోజుకి 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. నీ 70 కిలోలకి 112 గ్రాములు. పొద్దున నాలుగు ఇడ్లీల్లో 8, మూడు గుడ్లలో 18, మధ్యాహ్నం అన్నంలో 10, పప్పులో 7, పెరుగులో 7, పచ్చిగా తూస్తే 150 గ్రాములుండే చికెన్‌లో 33, సాయంత్రం గుప్పెడు పల్లీల్లో 7. మొత్తం 90. అంటే చికెన్ ఉన్న రోజు నీకు తగ్గేది 22 గ్రాములే, ఆ పొడి ఒక్క స్కూపుతో సరి. చికెన్ లేని రోజు రెండో స్కూపు వెయ్యకుండా 50 గ్రాముల మీల్ మేకర్ కూర వండించు, పాతిక గ్రాములు పైనే వస్తుంది, ఖర్చు కూడా తక్కువ.

ఇక డబ్బాల దగ్గరికొద్దాం. పాలు విరిచి చీజ్ తీశాక మిగిలే తేట నీళ్లే వే. పాల ప్రోటీన్‌లో అయిదో వంతు అందులోకి పోతుంది. ఆ నీళ్లని వడకట్టి ఆరబెడితే కాన్సన్‌ట్రేట్. ఇంకా సన్నగా వడకట్టి కొవ్వు, లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) దాదాపు తీసేస్తే ఐసోలేట్, అందులో 90 శాతం దాకా ప్రోటీనే. దాన్నే ఎంజైములతో ముందుగా ముక్కలు చేస్తే హైడ్రోలైజ్డ్. అది చేదు, రేటూ ఎక్కువ. నీకు అక్కర్లేదు, ఆ డబ్బా వెనక్కి నెట్టేయ్.

తిరకాసంతా కాన్సన్‌ట్రేట్ అనే పేరులోనే ఉంది. 35 శాతం ప్రోటీన్ ఉన్నా అదే పేరు, 80 ఉన్నా అదే పేరు. అందుకని డబ్బా ముందు అచ్చేసిన అక్షరాలు వదిలేసి వెనక్కి తిప్పు. ఒక స్కూపులో ప్రోటీన్ ఎంతో చూసి, దాన్ని స్కూపు బరువుతో భాగించు. 33 గ్రాముల స్కూపులో 24 ఉంటే 73 శాతం. చాక్లెట్ రుచికి కోకో పొడి కలుపుతారు కాబట్టి అంత వస్తే మంచిదే. 70 కిందికి పోతే వద్దు. మాస్ గెయినర్ అని బరువు పెంచడానికి అమ్మే పొడి జోలికి అసలు పోకు, అందులో మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థమే ఎక్కువ.

రేటు కూడా డబ్బాకి కాదు, గ్రాము ప్రోటీన్‌కి చూడు. కిలో కాన్సన్‌ట్రేట్ 2,400 రూపాయలు అనుకో, 30 స్కూపులు, 720 గ్రాముల ప్రోటీన్. గ్రాము 3 రూపాయల 33 పైసలు పడింది. కిలో ఐసోలేట్ 3,300 అనుకో, 30 గ్రాముల స్కూపులో 27 ఉంటే మొత్తం 900 గ్రాములు. గ్రాము 3 రూపాయల 67 పైసలు. డబ్బా మీద 900 తేడా, గ్రాము మీద పావలా పది పైసలు! తేడా అర్ధరూపాయి లోపుంటే ఏదైనా తీసుకో. రూపాయి దాటితే కాన్సన్‌ట్రేటే నయం.

పాలు తాగితే కడుపుబ్బరం అని రాశావు కదా. గ్లాసు పాలల్లో 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, మంచి కాన్సన్‌ట్రేట్ స్కూపులో దాదాపు 2. చాలామందికి అది పడుతుంది. ముందు అర కిలో ప్యాకెట్ తెచ్చి, పాలతో కాకుండా నీళ్లతో తాగి చూడు. అప్పటికీ ఉబ్బితే ఐసోలేట్‌కి మారు, ఆ డబ్బు దండగ కాదు. పాల ఎలర్జీ మాత్రం వేరే సంగతి, దానికి ఐసోలేట్ కూడా పడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు.

మోసం ఎక్కడ జరుగుతుందో కూడా చెప్తా. మామూలు ల్యాబ్ పరీక్షలో ప్రోటీన్‌ని నేరుగా కొలవరు, నైట్రోజన్ కొలిచి లెక్క కడతారు. అందుకే కొందరు నైట్రోజన్ ఉండే చవకరకం ఎమినో యాసిడ్లు గ్లైసిన్, టౌరిన్ కలిపి అంకె పెంచుతారు. ముడిసరుకుల వరసలో ఆ పేర్లు విడిగా కనిపిస్తే కొనకు. ప్రోటీన్‌లో ఏ ఎమినో యాసిడ్ ఎంతుందో చెప్పే పట్టిక డబ్బా మీద ఉంటే 24 గ్రాముల ప్రోటీన్‌కి ల్యూసిన్ రెండున్నర గ్రాముల దరిదాపుల్లో ఉండాలి, గ్లైసిన్ అర గ్రాము దాటకూడదు. ముడిసరుకుల వరస బరువు ఎక్కువున్నదాంతో మొదలవుద్ది. ముందు ఐసోలేట్ అని పెద్దక్షరాలేసి, వెనక మొదటి పేరు కాన్సన్‌ట్రేట్ అయితే నువ్వు కొంటున్నది కాన్సన్‌ట్రేటే.

మూత కింద సీలు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, అడ్రసు చూడు. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే అనుమానించు. బిల్లు ఇవ్వనన్న చోట ఎంత తగ్గించినా వద్దు.

కలిపేటప్పుడు షేకర్‌లో ముందు 200 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు, తర్వాత పొడి. ముందు పొడి వేసి తర్వాత నీళ్లు పోస్తే అడుగున గడ్డ కట్టుకుపోద్ది. వేడి పాలల్లో వేస్తే ఉండలు కట్టుద్ది. పోషకం పోదు గానీ తాగలేవు. స్కూపుని నమ్మకు, వంటింటి కాటా మీద ఒకసారి తూచి 33 గ్రాములు ఎక్కడిదాకా వస్తాయో గుర్తు పెట్టుకో. ఎక్సర్‌సైజ్ అయిన అరగంటలోపే తాగాలన్న కంగారు కూడా వద్దు, రోజు మొత్తం లెక్కే ముఖ్యం. మన ఎండలకి కలిపిన షేక్ బ్యాగులో పెట్టుకు తిరిగితే పాడవుద్ది. పొడి విడిగా పట్టుకెళ్లి అక్కడే కలుపుకో. డబ్బా ఫ్రిజ్‌లో పెట్టకు, బయటికి తీసినప్పుడల్లా చెమ్మ పట్టి గట్టిపడుద్ది. తడి చేత్తో స్కూపు ముట్టుకోకు. తాగిన వెంటనే షేకర్ కడుగు, గంట ఆగావా, ఆ వాసన రెండ్రోజులైనా వదలదు.

డబ్బాల వెనకవైపు ఫోటోలు తీసి పంపు, ఆదివారం లోపు చెప్తా.

నీ
రాంబాబు