బుజ్జిగాడి పన్ను, ఫ్రిజ్‌లో సిరప్

అమ్మడూ,

రాత్రి ఫోన్‌లో నువ్వు కంగారులో ఉన్నావు, నేను చెప్పింది నీ చెవికెక్కలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు పన్ను సంగతి. ఊగుతున్న పాలపన్ను దానంతట అది ఊడితే యాంటీబయాటిక్ ఏమీ వద్దు, కాస్త రక్తం వచ్చినా సరే. కానీ డెంటిస్టు పన్ను పీకినా, చిగురు దగ్గర చెయ్యి పెట్టినా మాత్రం కావాలి. గుండెలో రంధ్రం మూయడానికి ఆపరేషన్‌లో వేసిన ప్యాచ్ అంచున వాడికి ఇంకా చిన్న లీకు ఉంది కదా, నోట్లోంచి రక్తంలోకి వెళ్ళిన బ్యాక్టీరియా అక్కడ పట్టుకుంటే గుండె లోపలి పొరకే ఇన్ఫెక్షన్ వస్తుంది. కిలోకు 50 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్, అంటే వాడి 18 కిలోలకు 900, పని మొదలుపెట్టే అరగంట నుంచి గంట ముందు, ఒక్క డోసు, అంతే. మీ కార్డియాలజిస్టుని ఒకసారి అడిగి వెళ్ళు, ఫైలు మర్చిపోకు.

ఇక ఆ యాంటీబయాటిక్ సిరప్. పండక్కి వచ్చినప్పుడు మీ ఫ్రిజ్ తలుపులో చూశాను, సగం వాడిన సీసా, మూత చుట్టూ గులాబీ రంగు గట్టిపడిపోయి ఉంది. నీళ్ళు కలిపాక అది వారం, మహా అయితే రెండు వారాలు. పారెయ్యి తల్లీ. గుండె జబ్బు పిల్లాడని జలుబు చేసినప్పుడల్లా రెండు చెంచాలు పోస్తున్నావు, కానీ జలుబు వైరస్‌తో వస్తుంది, గుండెలో ప్యాచ్ ఉన్నా లేకపోయినా దాని మీద ఆ మందు పనిచెయ్యదు.

పిన్ని ఏళ్ళ తరబడి 21 రోజులకోసారి పెనిసిలిన్ వేయించుకుంది కదా అన్నావు. ఆవిడది కీళ్ళ జ్వరంతో పాడైన వాల్వు, ఆ జ్వరం మళ్ళీ రాకుండా వేసే ఇంజెక్షన్ అది. వీడిది పుట్టుకతో వచ్చింది, రెండూ ఒకటి కాదు.

నాకు అసలు భయం ఎక్కడంటే, పిల్లల వార్డులో నర్సుగా ఉన్నప్పుడు వీడంత పాప ఒకతె రెండు వారాల జ్వరంతో వచ్చింది, అప్పటికే మూడు రకాల యాంటీబయాటిక్‌లు తలా కాస్త పడ్డాయి. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కి మూడు సీసాలు నేనే తీశాను, ముందే పడ్డ ఆ మందుల వల్ల ఒక్కదాంట్లోనూ ఏమీ పెరగలేదు. క్రిమి ఏదో తెలియక ఏ మందు ఇవ్వాలో డాక్టర్లు తేల్చుకోలేకపోయారు, వాళ్ళమ్మ మాత్రం మందులు వేశాం కదమ్మా అని నా చెయ్యి పట్టుకుని అడుగుతూనే ఉంది. కారణం తెలియని జ్వరం రెండు మూడు రోజులకి తగ్గకపోతే, లేదా వాడు నీరసంగా కనిపిస్తే అంతకుముందే, ఆసుపత్రికి తీసుకెళ్ళు, రక్తం తీశాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టమని అడుగు.

గుండెలో రంధ్రం ఉన్న చాలామంది పిల్లలకి పన్ను పనికి ముందు మందు ఇచ్చేవాళ్ళం ఒకప్పుడు. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు దాన్ని బాగా ప్రమాదం ఉన్నవాళ్ళకే తగ్గించారు, ఎందుకంటే రోజూ నమిలేటప్పుడూ తోముకునేటప్పుడూ రక్తంలోకి వెళ్ళే బ్యాక్టీరియాతో పోలిస్తే డెంటిస్టు దగ్గర ఒక్క రోజు ఎంత? చిగుళ్ళు బాగుండటమే ముఖ్యం. నువ్వేమో రాత్రి పాలు తాగించి అలాగే పడుకోబెడుతున్నావు. పాలయ్యాక తోమించు, నిద్రకి ఏడ్చినా సరే.

పన్ను ఊడితే ఇంటి మీదకి వాడి చేతే వేయించు, నాకు వీడియో కాల్ చెయ్యి.

అమ్మ