ముందు చేతుల సంగతి రాయి

చి. స్వాతికి అమ్మ ఆశీస్సులు.

నీ దగ్గర్నుంచి కబురు అంది 26 రోజులైంది. పనిలో పడి ఉంటావులే అని మీ నాన్న అంటూనే ఉన్నారు, నేనూ సరే అంటూనే ఉన్నాను. మొన్న మాధవి వచ్చి నువ్వు చేసిన ఫోటోగ్రాములు, అదే కెమెరా లేకుండా కాగితం మీద వస్తువులు పెట్టి వెలుగు వేసి తీసిన బొమ్మలు, మూడు చూపించింది. కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాను. బాగున్నాయమ్మా. వాటి గురించే రాద్దామని కూర్చున్నాను. మాటల్లో మాటగా నీ వేళ్ల సందుల్లో ఎర్రగా పొక్కిందని, రాత్రుళ్లు దురదతో లేస్తున్నావని కూడా అంది. ఆ సంగతి తర్వాత.

మొదట ఆ ఫెర్న్ ఆకు. ఆకుపచ్చ ఆకు మజెంటాలోకి, అదే ముదురు గులాబీలోకి, ఎలా మారిందని మాధవి ఒకటే అడగడం. కాగితంలో మూడు పొరలుంటాయని, ఎర్ర వెలుగు తగిలితే సయాన్ (నీలాకుపచ్చ), ఆకుపచ్చ తగిలితే మజెంటా, నీలం తగిలితే పసుపు పుడతాయని చెప్పాను. లేత ఆకు ఆకుపచ్చ వెలుగునే ఎక్కువగా దాటనిస్తుంది కాబట్టి దాని కింద మజెంటా. అదే దళసరి ఆకైతే ఏ వెలుగునీ పోనివ్వదు, తెల్లగా మిగిలిపోతుంది. నువ్వు లేతది ఏరుకున్నావు, ఆకు ఈనెల దగ్గర తెలుపు, రెక్కల్లో రంగు విడివిడిగా కనబడ్డాయి. నీలం కావాలంటే ఈసారి పల్చటి పసుపు రేకు పెట్టి చూడు. అది నీలాన్ని ఆపి ఎరుపు, ఆకుపచ్చల్ని వదులుతుంది. సయాన్, మజెంటా కలిసి కాగితం మీద నీలం దిగుతుంది.

మిగతా రెండిట్లో ఒకటే లోపం. కత్తెర నీడల వెనక నువ్వు నలుపు కోరుకున్నావు, ముదురు ఇటుక రంగు వచ్చింది. గాజు బిళ్లల ప్రింటులో అంచులన్నీ నారింజకి తిరిగాయి. కాగితం పాతదేమో అని మాధవితో అన్నావట. కాగితం తప్పు కాదు. కలర్ పేపర్‌ని తయారుచేసేది నారింజ ముసుగున్న నెగటివ్ కోసం. ఆ ముసుగు నీలాన్ని బాగా, ఆకుపచ్చని కొంత ఆపేస్తుంది. అందుకని నీలం వెలుగుకి స్పందించే పొరని చాలా చురుగ్గా, ఎరుపుకి స్పందించే పొరని మందకొడిగా పెడతారు. నువ్వు నెగటివ్ లేకుండా బల్బు వెలుగు నేరుగా వదిలావు. పసుపు, మజెంటా ముందే నిండిపోయాయి, సయాన్ వెనకబడింది. ఆ రెండూ కలిస్తే ఎరుపేగా.

తెల్ల వెలుగుతో చేసేటప్పుడు డెవలప్ చేసిన కలర్ నెగటివ్ రోల్ చివర బొమ్మ లేని ముక్క ఉంటుంది చూడు, దాన్ని ఎన్‌లార్జర్‌లో, అదే కాగితం మీదికి వెలుగు వదిలే యంత్రంలో, నెగటివ్ పట్టే క్యారియర్‌లో పెట్టు. ఎన్‌లార్జర్ రంగు ఫిల్టర్లు పసుపు 60, మజెంటా 50 దగ్గర మొదలుపెట్టు. ఇంకా ఎర్రగా ఉంటే రెండూ పదేసి చొప్పున పెంచు, తగ్గించకు. లెన్స్‌ని ఎఫ్/11కో 16కో మూసి (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), సెకనుకొక మెట్టు చొప్పున టెస్ట్ స్ట్రిప్, అదే ఒకే ముక్క మీద వేర్వేరు సమయాల నమూనా, తియ్యి. మూస్తే ఇంకో మేలు కూడా ఉంది. నీడ అంచు పదును వెలుగు వచ్చే రంధ్రం ఎంత చిన్నదన్న దాన్ని బట్టి ఉంటుంది. కాగితానికి ఆనని వస్తువు అంచు ఎఫ్/4లో చెదురుతుంది, ఎఫ్/16లో నిలబడుతుంది.

కత్తెర ప్రింటుకి నువ్వు మూడు ఫిల్టర్లు వాడావు కదా, రాటెన్ 25 ఎరుపు, 58 ఆకుపచ్చ, 47 నీలం. మూడిటికీ ఒకే సమయం ఇచ్చినట్టున్నావు. ఒక్కో ఫిల్టరుకీ విడిగా స్ట్రిప్ తీసి, ఆ రంగు ఇక ముదరదు అన్న చోట ఆగు. ఎరుపుకే అన్నిటికన్నా ఎక్కువ సమయం పడుతుంది. అప్పుడు మూడూ కలిసిన చోట నలుపు వస్తుంది.

కానీ ఆ నీడలు! ఎర్ర వెలుగు వేసినప్పుడు కత్తెర ఉన్న చోటికి తర్వాత ఆకుపచ్చ, నీలమే అందాయి. అంటే మజెంటా, పసుపు. ఆ నీడ ఎర్రగానే తేలింది. ఆకుపచ్చ వెలుగు నీడ ఆకుపచ్చగా, నీలం నీడ నీలంగా వచ్చాయి. ఎరుపు, ఆకుపచ్చ నీడలు ఒకదాన్నొకటి దాటిన చోట పసుపు. మూడూ కలిసిన పిడి దగ్గర చిటికెడు తెలుపు. కత్తెరని ప్రతిసారీ ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే జరిపావు చూడు, అందుకే ఆ తెలుపు దక్కింది. ఇంకాస్త జరిపితే మూడు వేరు వేరు కత్తెరలయ్యేవి. నీ చేతికి ఆ కొలత తెలుసు.

చెయ్యి అంటే గుర్తొచ్చింది. ఆ పొక్కులు ఒక్క చేతికేనా, రెండిటికీనా? మాధవి సరిగ్గా చెప్పలేదు.

మరకల సంగతి కూడా రాయాలి. ప్రింటు కుడి అంచున సన్నగా మజెంటా పొగ కనిపించింది, మూడిట్లోనూ. దాన్ని చూడగానే శేఖరం మామయ్య గుర్తొచ్చాడు. మామయ్యకీ అచ్చం ఇలాగే కుడి పక్కనే వచ్చేది. బొమ్మని తేల్చే మందు, డెవలపర్, మార్చాడు. కాగితం పెట్టె మార్చాడు. డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ చాలక, ఆ తర్వాత వెండిని తీసేసే బ్లిక్స్‌లో గులాబీ మరక పడుతోందని అదీ మార్చాడు. మూడు వారాలు గడిచాయి, పొగ అలాగే ఉంది. విచిత్రమేమిటంటే నెగటివ్ పెట్టి మామూలు ప్రింట్లు వేస్తే పొగ ఉండేది కాదు, ఫోటోగ్రాములకే వచ్చేది. చివరికి అత్తయ్య ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, దీపాలార్పి, పావుగంట కదలొద్దంది. ఐదు నిమిషాలకి ఏమీ లేదన్నాడు. పది నిమిషాలకీ లేదన్నాడు. పన్నెండో నిమిషంలో గోడ మీద ఆవగింజంత ఆకుపచ్చ చుక్క కనబడింది. ఎగ్జాస్ట్ స్విచ్‌లో ఉండే చిన్న దీపం అది. దానికి నల్ల టేపు వేసే ఉంది, ఓ మూల లేచింది. మామూలు ప్రింటుకి కాగితం బల్ల మీద పది సెకన్లుంటుంది. ఫోటోగ్రాముకైతే చీకట్లో వస్తువులు సర్దుతూ ఐదారు నిమిషాలు పడుకోబెట్టేస్తాం. ఆకుపచ్చ వెలుగుకి మజెంటా పొగ. అంతసేపూ ఆ రంగే దొంగ పేరు చెబుతూ ఉంది, మామయ్య మందుల సీసాల వంక చూస్తూ కూర్చున్నాడు.

నువ్వూ అలాగే పావుగంట కూర్చుని చూడు. పొగ పసుపుగా ఉంటే నీలం దీపాన్ని, సయాన్‌గా ఉంటే ఎర్ర దీపాన్ని వెతుకు. ఏమీ కనబడకపోయినా ఓ ముక్క కాగితానికి లేత బూడిద రంగు వచ్చేంత వెలుగు ముందుగా ఇచ్చి, మీద నాణెం పెట్టి, ఐదు నిమిషాలు వదిలి డెవలప్ చెయ్యి. నాణెం గుండ్రం కనబడితే ఎక్కడో వెలుగు కారుతున్నట్టే. ఎన్‌లార్జర్ లెన్స్ కింద ఉండే ఎర్ర ఫిల్టర్‌ని నమ్ముకోకు, అది బ్లాక్ అండ్ వైట్ కాగితానికి. కలర్ పేపర్ మీద సయాన్ తెచ్చిపెడుతుంది. ఫోన్ గది బయటే పెట్టి వెళ్లు. ఎత్తనప్పుడల్లా లోపలే ఉన్నావనుకుంటాను, కానీ బయటికి వచ్చాకైనా చూసుకోవాలి కదమ్మా.

వస్తువుల్ని వెలుతురులోనే ఓ గాజు పలక మీద సర్దేసుకుని, చీకట్లో కాగితాన్ని పలక కిందికి దోపితే ఆ ఐదు నిమిషాలూ మిగుల్తాయి. మూడు మిల్లీమీటర్ల పలక వల్ల అంచు కొద్దిగా మెత్తబడుతుంది, ఎఫ్/16లో అంతగా తెలియదు.

నీళ్ల అలల్ని పట్టాలనుకుంటున్నావట. సూసన్ డెర్జెస్ అనే ఫోటోగ్రాఫర్ 1990ల్లో ఇంగ్లండ్‌లోని టావ్ నదిలో రాత్రిపూట పెద్ద కాగితాల్ని ముంచి, ఫ్లాష్ వెలిగించి ప్రవాహాన్నే అచ్చు తీసింది. ఆమె రంగుల్ని చూసి నీ ఫిల్టర్లు ఎంచుకోకు. ఆ కాగితం సిబాక్రోమ్ రకం. రంగులు పొరల్లో ముందే ఉంటాయి, వెలుగు తగిలిన చోట పోతాయి. ఎర్ర వెలుగుకి ఎరుపే వస్తుంది. ఇప్పుడది తయారవడం లేదు. నీ కాగితంలో అంతా తిరగేసి లెక్కేసుకోవాలి. అడుగున గాజున్న ట్రేలో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి, కాగితానికి ఐదారు సెంటీమీటర్ల పైన నిలబెట్టు. ఎన్‌లార్జర్ వెలుగుకి అల ఆగదు. ఫ్లాష్‌గన్‌ని అతి తక్కువ శక్తిలో పెట్టి, వీలైనంత ఎత్తునుంచి ఒక్కసారి వెలిగించు. అల మడత వెలుగుని పోగుచేసిన చోట కాగితం మీద ముదురు గీతలు పడతాయి. కాగితం మీద పారదర్శకమైన అసిటేట్ షీటు కప్పడం మర్చిపోకు. డెవలపర్‌లోకి వెళ్లకముందే నీటి చుక్క పడితే ఆ చోటు ఉబ్బి మచ్చ మిగులుతుంది.

ఇక దాచకుండా అడుగుతున్నాను. గ్లవ్స్ వేసుకోవడం లేదు కదూ? ఎందుకో నాకు తెలుసు. చీకట్లో కాగితం ఏ వైపో వేళ్లతో తడిమి తెలుసుకోవాలి. ఫిల్టర్ల అంచున కోసుకున్న గాట్లు, ఎరుపుకొకటి, ఆకుపచ్చకి రెండు, నీలానికి మూడు, గ్లవ్స్‌తో తగలవు. అందుకని విప్పేసి, అవే చేతులతో ట్రేలో కాగితం తిప్పుతున్నావు. కలర్ పేపర్‌కి వాడే ఆర్‌ఏ-4 డెవలపర్‌లో ఉండే సీడీ-3 అనే రసాయనం జుట్టుకి వేసుకునే నల్ల రంగుల్లోని పదార్థం జాతిదే. చర్మానికి అది పడకపోవడం ఒక్కసారి మొదలైందంటే మళ్లీ వెనక్కి పోదు, తర్వాత చుక్క తగిలినా పొక్కుతుంది. ఈ పని మీద నీకెంత ప్రాణమో తెలుసు కాబట్టే ఇంతగా చెబుతున్నాను. ఇప్పుడు చేతులు కాపాడుకోకపోతే ఈ పనే మానాల్సొస్తుంది.

ట్రేలు పక్కన పెట్టి డ్రమ్ము, అదే వెలుగు చొరబడని మూత గొట్టం, తీసుకో. చీకట్లో పొడి చేతులతో, గ్లవ్స్ లేకుండా, కాగితాన్ని డ్రమ్ములో వేసి మూత పెట్టు. దీపం వేసుకో. అప్పుడు నైట్రైల్ గ్లవ్స్ తొడుక్కుని మందులు పోయి. 8×10 కాగితానికి ఒక్కో మందు 100 మిల్లీలీటర్లు చాలు. 35 డిగ్రీల దగ్గర డెవలపర్ 45 సెకన్లు, ఒక శాతం ఎసిటిక్ యాసిడ్ స్టాప్ 30 సెకన్లు, బ్లిక్స్ 45 సెకన్లు, కడగడం నిమిషంన్నర. తర్వాతి కాగితానికి ముందు డ్రమ్ము, మూత బాగా కడిగి తుడువు. బ్లిక్స్ కొద్దిగా మిగిలినా డెవలపర్ పాడవుతుంది. తడిగా ఉన్నప్పుడు రంగు చూసి ఫిల్టర్లు మార్చకు, నీలి ఛాయ ఆరాకే పోతుంది. మూతలున్న డ్రమ్ముతో ఘాటు కూడా తక్కువ. అయినా ఎగ్జాస్ట్ ఆపొద్దు, గదిలో గాలి గంటకి పదిసార్లు మారాలి. ఫ్యాను నీ తల పైన కాకుండా బల్ల వెనక ఉంటే మంచిది. లేకపోతే ఆవిరి నీ ముఖం మీదుగానే పోతుంది.

గ్లవ్స్ రెండు పెట్టెలు పంపుతున్నాను, మీడియం సైజు. లోపలికి మందు కారితే ఆ జత పారెయ్యి, తిరగేసి మళ్లీ తొడుక్కోకు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డెవలపర్ సీసా మీది చీటీ తీసుకెళ్లు. ఉత్త పొడి చర్మం అని చెప్పి మందు రాయించుకుని వచ్చెయ్యకు.

మీ నాన్న కాళ్లు ఇప్పుడు నయం. పెరట్లో ఫెర్న్ మళ్లీ చిగురు వేసింది. లేత ఆకులు నాలుగు పుస్తకంలో నొక్కి పెట్టాను, గ్లవ్స్ పెట్టెలోనే ఉంటాయి. ఈ ఉత్తరం అందిన రోజే రెండు చేతులూ, వేళ్లు విప్పి, పగటి వెలుతురులో ఫోటో తీసి పంపు. మాధవి చేత తీయించు, నువ్వు తీస్తే ఒక చెయ్యే కనబడుతుంది.

అమ్మ